తెస్ఫాయెకు మేం చేసిన క్రిస్మస్

రిటైర్మెంటుకు ఐదేళ్ళ ముందు నన్ను ఖరగ్‌పూర్‌లోని ఒక రైల్వే శిక్షణ కేంద్రానికి సంక్షేమ ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఈ ఉద్యోగం ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. లోపలివాళ్ళకు కూడా పనిపడేదాకా తెలియదు. కాగితం మీద చూస్తే క్వార్టర్లు, క్యాంటీను, సెలవులు, పింఛను, ఎవరైనా పోతే వాళ్ళింటికి వెళ్ళి చెయ్యాల్సిన ఏర్పాట్లు. అసలు పని మాత్రం అధికారికీ కార్మికుడికీ మధ్య నిలబడి, వీళ్ళ తిట్లు వాళ్ళకూ వాళ్ళ తిట్లు వీళ్ళకూ మర్యాదగా మార్చి అందించడం. రిటైర్మెంటు ఏడాది ఉందనగా, నవంబరు మొదట్లో, దానికి ఇంకొకటి తగిలించారు, విదేశీ ట్రైనీల బాగోగులు.

ట్రైనీలు అన్నారు గాని వచ్చింది ఒక్కడే. పేరు తెస్ఫాయె, ఇథియోపియా నుంచి వచ్చిన ఇంజనీరు. వ్యాగన్ బ్రేకుల మరమ్మతు నేర్చుకోవడానికి ఆరు నెలలకు వచ్చాడు. రెస్ట్ హౌసులో గది, మెస్సులో భోజనం. ఎవరు ఏం చెప్పినా తలవంచి విని, థాంక్యూ చెప్పే మనిషి. మా కేంద్రంలో అలాంటివాళ్ళ గతి ఏమవుతుందో నాకు ముందే అనుమానం ఉంది.

కేంద్రానికి పెద్ద మా సాహెబ్. ఆయన పేరు ఇక్కడ అనవసరం. రైల్వేలో మనిషి కన్నా కుర్చీ ముఖ్యమని ఆయనే నమ్మేవాడు. వర్క్‌షాపులో నలభై ఏళ్ళు ఇనుము కొట్టినవాళ్ళ బిడ్డలకు ఆయన రైల్వే చరిత్ర మీద ఉపన్యాసాలిచ్చేవాడు. ప్రతి ఉగాదికీ నన్ను పిలిపించి పొంగల్ శుభాకాంక్షలు చెప్పేవాడు. మా తాత శ్రీకాకుళం నుంచి ఇక్కడికి వచ్చి మూడు తరాలైంది. ఈ ఊళ్ళో సగం తెలుగే వినిపిస్తుంది. అయినా మా పండగ ఏదో కనుక్కోవాలని ఆయనకెప్పుడూ తోచలేదు. నేను మొదటి ఏడు సరిదిద్దాను, ఆ తర్వాత థాంక్యూ సార్ అని వచ్చేసేవాణ్ణి.

నవంబరు ఆఖర్లో మెస్సు వంటవాడు సింహాచలం మొహం మాడ్చుకుని నా దగ్గరికి వచ్చాడు.

"రాజుగారూ, ఆ ఇథియోపియా బాబుకి నా వంట మీద కోపమొచ్చినట్టుందండి. కోడి వొద్దన్నాడు, గుడ్డు వొద్దన్నాడు, ఆఖరికి టీలో పాలు కూడా వొద్దంట. మద్దేన్నం దాకా ఏటీ ముట్టట్నేదు. నేనేటి తప్పు సేసినానో మీరే అడగండి."

అడిగాను. తెస్ఫాయె నొచ్చుకుని, వంటవాడికి తన తరఫున క్షమాపణ చెప్పమన్నాడు. వాళ్ళ చర్చి లెక్కలో క్రిస్మస్ జనవరి ఏడున వస్తుందట. దానికి ముందు ఆరు వారాలకు పైగా ఉపవాసం. మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి ఏదీ తగలకూడదు. ఆ ఏడు వాళ్ళమ్మకు పెద్ద ఆపరేషన్ అయింది. ఆవిడ మంచం మీదుండే ఉపవాసం చేస్తోంది. పండగ నాటి పొద్దున అక్కడ పూజ ముగిశాక ఇద్దరూ ఫోనులో ఒకరినొకరు చూసుకుంటూ ఉపవాసం విడవాలని అమ్మకు మాటిచ్చాడు. చుట్టూ ఒక్క ఇథియోపియా మనిషి లేని ఊళ్ళో అతనికున్న పండగ అంతే.

డిసెంబరులో పైనుంచి కబురొచ్చింది. విదేశీ అతిథులతో స్నేహబంధాల ఫోటోలు పంపమన్నారు. సాహెబ్‌కు వెంటనే క్రిస్మస్ గుర్తొచ్చింది. నేను లోపలికి వెళ్ళి, అతని పండగ జనవరి ఏడని, ఇప్పుడు ఉపవాసంలో ఉన్నాడని చెప్పాను. సాహెబ్ నా వైపు జాలిగా చూశాడు. క్రిస్మస్ ప్రపంచమంతా డిసెంబరు ఇరవై ఐదేనని, ఆ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసని అన్నాడు. జనవరి ఏడున ఫోటో తీస్తే పైవాళ్ళు మనల్ని చూసి నవ్వుతారట.

ఏర్పాట్లు మొదలయ్యాయి. గోల్‌బజార్‌లో పరుపులవాడి దగ్గర దూది కొని హాలు నిండా మంచు కురిపించారు. ప్లాస్టిక్ చెట్టుకు దసరా లైట్లు చుట్టారు. అకౌంట్స్ గుమాస్తాకు ఎర్రకోటు తొడిగి గడ్డం అంటించారు. నిజానికి మా ఊళ్ళో క్రిస్మస్‌కు కరువేమీ లేదు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలున్నాయి, తెలుగు క్రైస్తవులున్నారు, బెంగాలీలు బొడోదిన్ అని కేకులు కొనుక్కుంటారు. కేంద్రంలోనే చర్చికి వెళ్ళేవాళ్ళు అరడజను మంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరూ ఆ సభకు రాలేదు. వాళ్ళకు ఆ రోజు పండగ కదా.

జనం లేకపోతే ఫోటో బాగుండదు. సెలవు రోజున జనం రారు. అందుకని సాహెబ్ హాజరు తప్పనిసరి అన్నాడు. యూనియన్ సెక్రటరీ అప్పారావు నా గదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏటి బాబూ ఇది? పండగ పూట పిలుస్తారు, డ్యూటీ కాదంటారు. మావోళ్ళు దూది సూడ్డానికి వస్తారేటి? డ్యూటీ అని ఆర్డరు తియ్యండి, వస్తాం. నేకపోతే మీరూ మీ సాహెబూ ఫోటో దిగండి."

సాహెబ్ దిగొచ్చాడు. హాజరైన సిబ్బంది, ట్రైనీలు అందరూ డ్యూటీలో ఉన్నట్టు ఆర్డరు వేశాడు. సెలవు నాడు డ్యూటీ చేస్తే బదులుగా మరో రోజు విశ్రాంతి ఇవ్వాలి. దాన్ని కాంపెన్సేటరీ రెస్టు అంటారు, మేం సీఆర్ అంటాం. నెల లోపల వాడుకోవాలి. అప్పారావు ఆర్డరు రెండుసార్లు చదివి, ఠీక్ హై అని లేచాడు.

పండగ నాడు తెస్ఫాయెను కోటు వేయించి వేదిక మీద కూర్చోబెట్టారు. ఉపన్యాసంలో సాహెబ్ అతని దేశాన్ని రెండుసార్లు సౌతాఫ్రికా అన్నాడు. తర్వాత కేకు కోశారు. మనవాళ్ళకొక అలవాటుంది. కేకు ఎవరి పేరున కోస్తే వాళ్ళ నోట్లో కుక్కాలి. అది ప్రేమట. తెస్ఫాయె చెయ్యి అడ్డం పెట్టి, నో సర్, ప్లీజ్ సర్ అన్నాడు. మొహమాటం అనుకుని జనం చప్పట్లు కొట్టారు. నేను వేదిక దగ్గరికి వెళ్ళి, ఉపవాసం సార్ అన్నాను. సాహెబ్ నన్ను మోచేత్తో పక్కకు నెట్టి, కెమెరా వైపు నవ్వుతూ, గుడ్డూ వెన్నా దట్టించిన అంత ముక్క అతని నోట్లో పెట్టేశాడు.

ఒళ్ళు మండిపోయింది నాకు.

ఆ తర్వాత వందన సమర్పణ, ఎర్రకోటు గుమాస్తా డాన్సు, గ్రూపు ఫోటో జరిగాయి. అవన్నీ అయ్యేదాకా తెస్ఫాయెను వేదిక దిగనివ్వలేదు. నేను అతన్ని వెనక తలుపు గుండా బయటికి తీసుకెళ్ళాను. కుళాయి దగ్గర వంగి నోట్లోదంతా రుమాల్లోకి ఊసేశాడు. నీళ్ళతో పుక్కిలించాడు, మళ్ళీ పుక్కిలించాడు. మింగలేదు అని నాకు చెప్పాడు. అమ్మకు చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. అంత పెద్దమనిషి, కళ్ళలో నీళ్ళు.

జనవరి మొదట్లో అతను ఏడో తేదీకి సెలవు అడిగాడు. చెప్పకుండా మానేస్తే ఆ సంగతి వాళ్ళ రైల్వేకు రాస్తారు, సర్టిఫికెట్ ఆగుతుంది. సాహెబ్ సెలవు నిరాకరించాడు. కారణం కూడా రాశాడు. సదరు ట్రైనీ క్రిస్మస్ ఇదివరకే కేంద్రం తరఫున ఘనంగా జరిగిందట. ఏడాదికి ఒక మనిషికి రెండు క్రిస్మస్‌లు ఇవ్వడం కుదరదట.

నేను లోపలికి వెళ్ళి ఒక సందేహం తీర్చమన్నాను. ఇరవై ఐదో తేదీ తెస్ఫాయెకు పండగా, డ్యూటీనా? పండగైతే అదే ఆర్డరు మీద వచ్చిన అందరి డ్యూటీ చెల్లదు, ఆ మాట అప్పారావుకు సాహెబే చెప్పుకోవాలి. డ్యూటీ అయితే తక్కినవాళ్ళలాగే అతనికీ సీఆర్ ఉంది, దాన్ని ఏడున వాడుకుంటాడు. సాహెబ్ చాలాసేపు పెన్ను మూత పెట్టాడు, తీశాడు. ఆఖరికి డ్యూటీ అన్నాడు. ఆ విధంగా, మా కేంద్రం అతనికి చేసిన క్రిస్మస్ డ్యూటీయేనని సాహెబ్ నోటితోనే తేలింది. ఆయన జన్మలో చెప్పిన నిజం అదొక్కటే అయ్యుంటుంది.

మెస్సు వంటింట్లోకి ట్రైనీలను రానివ్వరు. అందుకని ఏడో తేదీకి మా ఇంటికి రమ్మన్నాను. ముందురోజు సాయంత్రమే వచ్చి, బుట్టెడు ఉల్లిపాయలు వేయించి, కోడిగుడ్లు వేసి ఎర్రటి కోడికూర వండి వెళ్ళాడు. పొద్దున్నే తెల్లటి నూలు శాలువా కప్పుకుని వచ్చాడు. ఫోనులో వాళ్ళమ్మ కనపడింది, దిండ్లకు ఆనుకుని కూర్చుంది. ఆవిడ నోట్లో ముద్ద పెట్టుకున్నాక ఇతను పెట్టుకున్నాడు. వాళ్ళు పులిసిన పిండితో చేసుకునే ఇంజెరాకు బదులుగా నా భార్య పార్వతి అట్లు పోసింది. ఇంజెరాలా ఉన్నాయా అని నేను అడగలేదు. అడిగితే ఉన్నాయనే అంటాడు.

పార్వతి అట్లకాడ మీద ఇంకొకటి పట్టుకుని వచ్చి ఆగింది.

"ఇంకోటి ఎయ్యనా బాబూ? సాలా?"

చాలు అని చెయ్యి అడ్డం పెట్టాడు. పార్వతి వెనక్కి తీసుకెళ్ళిపోయింది. వద్దన్నా వడ్డించే మా ఇంట్లో అది మొదటిసారి.

ఈ వ్యవహారం నాకు నేర్పింది చిన్నదే. పరాయి ఊరివాడికి పండగ చెయ్యాలంటే ముందు అతన్ని అడగాలి. వద్దంటే ఊరుకోవాలి. ఉద్యోగంలో మేం అడగడం దాకా కూడా వెళ్ళలేదు. మొన్న పింఛను పని మీద ఆ కేంద్రానికి వెళితే, నడవాలో ఫోటో ఇంకా వేలాడుతోంది. కింద 'ఆనందంలో విదేశీ అతిథి' అని రాసి ఉంది. సాహెబ్ నవ్వుతున్నాడు, వెనక దూది కనిపిస్తోంది. తెస్ఫాయె పెదాలు బిగించి ఉన్నాడు, ఒక బుగ్గ ఉబ్బి ఉంది. అతను మింగలేదు.