దైవాధీనం ఇచ్చిన లైన్ క్లియర్

డుంబ్రివలస సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్ దైవాధీనాన్ని చూసినవాళ్లెవరూ ఈయన ఇరవై రెండేళ్లుగా కొండల్లో కరెంటు ఉద్యోగం చేస్తున్నాడంటే నమ్మరు. ఆదివారం చర్చిలో చందా సంచీ పట్టుకుని వరసల మధ్య తిరిగే పెద్దమనిషిలా ఉంటాడు. నిజానికి ఆ పనీ ఆయనదే. సొంతూరు పార్వతీపురం దగ్గర. తండ్రి మిషన్ బడిలో పంతులు. ఉద్యోగం పేరుతో హుకుంపేట వైపు ఈ కొండలెక్కినప్పుడు, రెండేళ్లు చేసి కిందికి దిగిపోదామని భార్య మగ్దలేనమ్మకు మాటిచ్చాడు. ఆ రెండేళ్లలో చలికి అలవాటుపడ్డారు, తరవాత ఇక్కడి కాఫీకి అలవాటుపడ్డారు, ఇక దిగే ఊసు ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు రిటైర్మెంటుకు ఎనిమిది నెలలుంది.

ఆపరేటర్ పనేమిటని అడిగితే, కూర్చోవడమేనని చెప్పేవాడు. ఒక విధంగా అది నిజమే. కాని కూర్చుని ఒక పని చెయ్యాలి. లైన్‌మన్ తీగ ముట్టుకోబోయే ముందు ఆపరేటర్‌కు ఫోన్ చేసి అనుమతి అడుగుతాడు. ఆపరేటర్ ఆ లైను బ్రేకర్ ఆపి, ‘మనుషులు పని చేయుచున్నారు’ అన్న ఎర్రబోర్డు దానికి తగిలించి, రిజిస్టర్లో పేరూ టైమూ రాసుకుని, అప్పుడు సరే అంటాడు. దాన్నే లైన్ క్లియర్ అంటారు. అడిగిన మనిషే మళ్లీ ఫోన్ చేసి పనైందని చెప్పేదాకా, ఎంతటివాడొచ్చి అడిగినా కరెంటు ఇవ్వకూడదు. ఓసారి ఒక నాయకుడి సభలో మైకు మూగబోయి ఫోన్ మీద ఫోన్ వచ్చింది. దైవాధీనం “పోల్ మీద మనిషున్నాడండి” అన్న ఒక్క ముక్కతో గంటన్నర నెట్టుకొచ్చాడు. ఆ రోజు పోల్ మీదున్నవాడు మంగ్లు.

మంగ్లుది లోయలో ఉన్న జోడిగుడ. స్తంభాలకు గుంతలు తవ్వే కూలీగా చేరి, లైన్‌మన్ అయ్యాడు. మాటకారి. పనయ్యాక ఊరికే “లైన్ ఏసీయండి” అంటే దైవాధీనం ఒప్పుకునేవాడు కాదు. ఎంతమంది ఎక్కారో, ఎంతమంది దిగారో చెప్పాలి. “ఎక్కినోలం ముగ్గురం, దిగినోలం ముగ్గురం బాబూ. సరిపోనాదా?” అనేవాడు మంగ్లు. ఒక్కడే ఎక్కిన రోజున “ఎక్కినోడ్ని నానే, దిగినోడ్నీ నానే” అని నవ్వేవాడు. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. వాళ్లిద్దరూ పెట్టుకున్నది.

నిరుడు కొండలకు స్మార్ట్ గ్రిడ్ వచ్చింది. స్తంభాలకు యాంటెన్నాలున్న పెట్టెలు బిగించారు, గూడేల్లో కొత్త మీటర్లు పెట్టారు. పట్నంలో కంట్రోల్ రూమ్ ఒకటి తెరిచి, ఏ కొండ మీద ఏ తీగ తెగిందో అక్కడి తెర మీద కనిపించేలా చేశారు. ఉన్నమాట చెప్పుకోవాలి, అది బాగుంది. ముసురు పడితే మూడేసి రోజులు చీకట్లో ఉండే ఊళ్లకు కరెంటు ఉండటం మొదలైంది. ఆసుపత్రిలో టీకాల ఫ్రిజ్ ఆగడం మానేసింది. ఈ సబ్‌స్టేషన్‌ను కూడా కొన్నాళ్లకు పట్నం నుంచే నడిపిస్తామన్నారు. రాసుకునే రిజిస్టర్లు ముందే పట్టుకుపోయారు. దైవాధీనం వాటి అట్టలు తుడిచి మరీ అప్పగించాడు.

వచ్చినవాటిలో పెద్దది కొండ నెత్తిన పెట్టిన స్విచ్. అవతలి పక్క ఇంకో సబ్‌స్టేషన్ ఉంది. రెండు లైన్లనూ కలిపి నడుమ దాన్ని పెట్టారు. ఇటు కరెంటు పోతే ఎవరూ చెప్పకుండానే అటునుంచి కరెంటు అందిస్తుంది. నిమిషం కూడా పట్టదు. దాని గురించి పట్నంలో ఆపరేటర్లకూ లైన్‌మన్లకూ ఒకరోజు క్లాసు పెట్టారు. రెండు పూటల సంతకాలూ పొద్దున్నే చేయించేసుకున్నారు. భోజనంలో చికెన్ బిర్యానీ పెట్టారు. తిన్నాక మంగ్లు మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు, దైవాధీనం చర్చికి మైకు సెట్టు కొందామని బజారుకెళ్లాడు. మరో పదిమంది కూడా ఏదో పని మీద జారుకున్నారు. మధ్యాహ్నం క్లాసులో చెప్పింది ఒక్కటే విషయం. ఇకనుంచి ఒకవైపు బ్రేకర్ ఆపితే చాలదు. ఫోన్ యాప్‌లో అడగాలి, అప్పుడు కంట్రోల్ రూమ్ కొండమీది స్విచ్‌ను కూడా కదలకుండా ఆపుతుంది. అది రాసిన కాగితాలు పొద్దున్నే పంచారు. చక్కని తెలుగులో ఉన్నాయి. దైవాధీనం వాటిని మైకు సెట్టు డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. మైకు సెట్టు బయటికి తీశాడు, కాగితాలు తియ్యలేదు.

ఆ స్విచ్ పనిచెయ్యడం మొదలైంది ఆగస్టు మొదటివారంలో. పద్దెనిమిదో తేదీ పదకొండు గంటలకు మంగ్లు ఫోన్ చేశాడు. జోడిగుడలో యాప్ సంగతి అలా ఉంచండి, మామూలు ఫోన్ మోగాలన్నా బండరాయి ఎక్కాలి.

“బాబూ, మా ఊరి బుధు కాఫీ తోటలో సిల్వర్ ఓకు కొమ్మ తీగ మీద పడిపోనాది. లైన్ క్లియర్ ఇయ్యండి. బేగి కొట్టీసి దిగిపోతాను.”

“ఎంతమంది?”

“ఎక్కీది నానొక్కడ్నే. బుధు కింద తాడు పట్టుకుంతాడు.”

దైవాధీనం బ్రేకర్ ఆపాడు. ఎర్రబోర్డు తగిలించాడు. “ఇచ్చేను, ఎక్కు” అన్నాడు. రాసుకుందామని చెయ్యి బల్ల మీద వెతికి, రిజిస్టర్ లేదని గుర్తొచ్చి ఊరుకుంది. రోడ్డుకు అవతల టీ హోటల్‌కూ అదే లైను. అక్కడ బల్బు ఆరింది, కాసేపటికి మళ్లీ వెలిగింది. దైవాధీనం కిటికీలోంచి చూశాడు. పాపం ఇన్వర్టర్ కొనుక్కున్నట్టున్నాడు అనుకున్నాడు. అనుకుని, వాటర్ బాటిల్ మూత తీసి నీళ్లు తాగాడు.

ఇరవై నిమిషాలకు ఫోన్ మోగింది. నంబర్ మంగ్లుదే, గొంతు బుధుది.

అక్కడినుంచి దైవాధీనానికి ఏమీ అనిపించడం మానేసింది. ఇది చెడ్డ మాటే, కాని జరిగింది అదే. శవపరీక్ష దగ్గర నిలబడ్డాడు, జోడిగుడ దాకా నడిచాడు, మట్టి వేశాడు. ఇంటికొచ్చి మగ్దలేనమ్మ పెట్టింది పెట్టినట్టు తిన్నాడు. ఉప్పు మరిచిపోయానని ఆమె చెప్పేదాకా ఆయనకు తెలియలేదు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు; అందరూ ఆమెన్ అన్నచోట తనూ అన్నాడు. డ్యూటీకి వెళ్లాడు, వచ్చాడు. మైకు సెట్టు డబ్బాలోంచి కాగితాలు తీసి మొదటినుంచి చివరిదాకా చదివాడు. మూడో పేజీలో బొమ్మతో సహా ఉంది. బొమ్మలో లైన్‌మన్‌కు మీసాలు కూడా గీశారు. చదివి, మడిచి, బైబిలు పక్కన పెట్టాడు.

“ఒకపాలి గట్టిగా ఏడ్సీండి. బరువు దిగుద్ది” అంది మగ్దలేనమ్మ.

“ఏటీ బరువుగా లేదే” అన్నాడు.

ఆమె భయపడింది. ఆ మాట ఆయనతో చెప్పలేక, పొయ్యి దగ్గర కూర్చుని ఆమే ఏడ్చింది.

ఎనిమిదోనాడు విచారణకు జగన్నాథరావుగారు వచ్చారు. వేరే డివిజన్ ఇంజనీరు. చెడ్డవాడు కాదు. ఇలాంటి విచారణలు చాలా చేసి, ఎవరూ ఎక్కువ దెబ్బ తినకుండా ఫైలు ముగించడం నేర్చుకున్న మనిషి. కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా చెప్పాడు.

“యాప్‌లో మంగ్లు అడిగినట్టు లేదు. మీరు ఇచ్చినట్టూ లేదు. ఫోన్ చేశాడు, నిజమే. ఏం మాట్లాడుకున్నారో ఎవరికి తెలుసు? కొమ్మ పడిందని చెప్పాడు, మీరు జాగ్రత్త కోసం బ్రేకర్ ఆపారు. అనుమతి రాకుండానే వాడు ఎక్కేశాడు. అంతే కదా?”

“వాళ్లావిడకు ఉద్యోగం వస్తుందా సార్?”

“అనుమతి లేకుండా ఎక్కితే కష్టమండి.” జగన్నాథరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “నోటిమాట మీద ఇచ్చానని మీరు రాస్తే ఆమెకు వస్తుంది. మీది పోతుంది. క్లాసులో మీ సంతకం ఉంది, రెండు పూటలా. తెలియదనడానికి లేదు. కేసు కూడా పడొచ్చు. ఎనిమిది నెలలుంది మీకు. ఫారం ఇచ్చి వెళ్తాను, చూసుకోండి. రేపు వస్తాను.”

దైవాధీనం ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తను ఏం రాస్తాడో అప్పటికి ఆయనకే తెలియదు. బతికున్న మనిషి భయపడాలి, లేదా సిగ్గుపడాలి. రెండూ రాలేదు. సాయంత్రం డ్యూటీ దిగి, ఇంటికి వెళ్లాల్సినవాడు జోడిగుడ వైపు నడిచాడు.

మంగ్లు భార్య నీలవేణి వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. చాప వేసింది. దైవాధీనం కూర్చున్నాడు. ఆమే తలెత్తకుండా అడిగింది.

“ఆడు మిమ్మల్ని అడక్కుండానే ఎక్కీసినాడంట. ఆపీసోలు అన్నారని ఊర్లో సెప్పుకుంతన్నారు. తాగీసి ఎక్కినాడని కూడా అంతన్నారు. మీరు సెప్పండి బాబూ.”

“అడిగేడమ్మా. నానే ఇచ్చేను.”

“మరి ఎలగ సచ్చిపోనాడు?”

చెప్పాడు. కొండమీది స్విచ్ గురించి, క్లాసు గురించి, బజారుకు వెళ్లడం గురించి చెప్పాడు. టీ హోటల్ బల్బు గురించి కూడా చెప్పాడు. అది ఆయన ఇంకెవరికీ చెప్పలేదు. గొంతు ఎక్కడా తొణకలేదు. స్టాకు అప్పగిస్తున్నవాడిలా వరసగా చెప్పి ఆగాడు. నీలవేణి చింతపండు పక్కన పెట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు వసారా మూల ఆయన కంటపడింది. అక్కడ ఎర్త్ రాడ్డు నిలబెట్టి ఉంది. తీగ ముట్టుకునే ముందు లైన్‌మన్ దానికి తగిలించే గడ అది. దాని గొలుసు భూమిలో దిగి ఉంటుంది. అది తగిలించి ఉంటే ఎటునుంచి కరెంటు వచ్చినా మట్టిలోకి దిగిపోతుంది, మనిషి మిగులుతాడు. బరువైన వస్తువు, కొండెక్కడానికి కష్టమే. అయినా మంగ్లు దాన్ని వదిలిపెట్టి వెళ్తాడని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

“అది తీసికెల్లలేదా?”

“మీరు లేని దినం మోసుకెల్లీవోడు.” నీలవేణి మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది. “ఆ దినం నానడిగినాను, గడ ఒగ్గీసి ఎల్లిపోతన్నావేటని. ‘దైవాధీనం బాబు డూటీలో ఉన్నాడు, ఇయ్యేల గడెందుకే’ అనీసి ఎల్లిపోనాడు.”

దైవాధీనం లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. ఎనిమిది రోజుల్లో మొదటిసారి ఎక్కడో లోపల నొప్పి తెలిసింది. ఆయన దాన్ని వదిలించుకోవాలనుకోలేదు.

మర్నాడు జగన్నాథరావు గదిలో దైవాధీనం ఫారం పరిచి రాయడం మొదలుపెట్టాడు. పేరు, ఉద్యోగం, తేదీ. మృతుడు లైన్ క్లియర్ అడిగాడా? అడిగాడు. ఎవరిని? నన్ను. ఇచ్చారా? ఇచ్చాను, ఫోన్‌లో, నోటిమాటగా. రెండో వైపు అడ్డుకట్ట వేశారా? లేదు. ఎందుకు? దాని గురించి చెప్పిన పూట నేను క్లాసులో లేను. ఇచ్చిన కాగితాలు చదవలేదు.

జగన్నాథరావు తల పక్కకు వంచి చదువుతున్నాడు. చివరి గడి దగ్గరికి వచ్చేసరికి వేలు పెట్టి చూపించాడు.

“ఇక్కడ కాస్త ఆగండి. ‘మృతుడు ఎర్త్ రాడ్డు వాడెనా? వాడనిచో కారణం.’ వాడలేదు, అది రుజువైంది. కారణం ‘నిర్లక్ష్యం’ అని ఒక్క మాట రాయండి. తప్పు సగానికి సగం వాడి మీదికి పోతుంది, మీరు సస్పెన్షన్‌తో బయటపడొచ్చు. చచ్చినవాడికి ఏం తేడా చెప్పండి?”

“ఉద్యోగం?”

“ఆమెదా? వాడి నిర్లక్ష్యమే అంటే ఇక రాదు.”

దైవాధీనం ఆ చిన్న గడిలో, సరిపోక అంచు మీదికి కూడా పాకేలా, గుండ్రటి మిషన్ బడి అక్షరాలతో రాశాడు:

“వాడలేదు. కారణం: ఆ పూట డ్యూటీలో నేను ఉన్నాను.”