గుట్టకు పోని ఎండాకాలం

మొన్న మా వీధిలో ఒక పసిగుడ్డును చూసి వచ్చాను. ఏడో నెలలోనే పుట్టిందట, తాండూరు ఆసుపత్రిలో నెల రోజులకు పైగా అద్దాల పెట్టెలో వెచ్చగా పెట్టి, సన్నని గొట్టంతో పాలు పోసి, బతికించి ఇంటికి పంపారు. దాని పాదం నా అరచేతిలో పెట్టుకుంటే జొన్నగింజలంత వేళ్లు కదిలాయి. ఇంటికి వచ్చి నా అరచెయ్యి చూసుకుంటూ కూర్చుంటే మనవరాలు ఏమైందని అడిగింది. నాకు అక్షరాలు సంతకం పెట్టేటంతవరకే వచ్చు కాబట్టి, నేను చెబుతాను నువ్వు రాసుకోమన్నాను. నా ఈడు ఆడవాళ్లు ఎవరైనా చదివించుకుని వింటే వాళ్లకు నేను విప్పి చెప్పాల్సింది ఎక్కువ ఉండదు.

నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు నా పెళ్లయింది. యాలాల్ దగ్గరి పల్లెలో గొర్రెలు కాసే ఇల్లు. అప్పటికి నాకు పద్నాలుగేళ్లో పదిహేనేళ్లో, ఆడపిల్ల వయసు ఎవరు లెక్కపెట్టారు గనుక. ఎండలు ముదిరి మా దిక్కు గడ్డి మాడిపోగానే మందను తోలుకుని అనంతగిరి గుట్టల అడవి అంచుకు పోవడం మా ఇంటి రివాజు, మూడు రోజుల నడక. మగవాళ్లు మంద వెంట పోతే, మేము కుండలు, గొంగళ్లు, జొన్నపిండి మూటలు నెత్తిన పెట్టుకుని వెనక నడిచేవాళ్లం. కడుపుతో ఉన్నదని ఎవరినీ ఆపేవాళ్లు కాదు. ఒళ్లు వంచి పని చేస్తేనే కాన్పు సులువుగా అవుతుందని నమ్మకం. తిండి కూడా చెయ్యి బిగబట్టి పెట్టేవాళ్లు, లోపల పిల్ల పెద్దదైతే తల్లి ప్రాణానికే ముప్పని.

మొదటిసారి ఏడో నెల నడుస్తుండగా ఆ తొవ్వలోనే నొప్పులు వచ్చాయి. బిడ్డ పుట్టి, పిల్లికూనలాగా ఒక్కసారి మూలిగి పోయింది. ఒళ్లు కోలుకోకముందే మళ్లీ కడుపు నిలిచింది, మరుసటి ఎండాకాలం అదే తొవ్వలో అదీ పోయింది. దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు, ఏడో నెల పిల్లలు బతుకుతారు గాని ఎనిమిదో నెలవి బతకవు, నీవి రెండూ ఎనిమిదో నెలవే అయి ఉంటాయి అని నాకే నెలలు మార్చి చెప్పారు. మా అత్త నా నడుముకు తాయెత్తు కట్టింది. మూడోది కూడా నిలవకపోతే కొడుకుకు ఇంకో పిల్లను చూస్తానని బావి దగ్గర నాకు వినబడేటట్టే అన్నది. ఇక ఒక సంగతి నేనూ దాచాను. రెండుసార్లూ ఒంటికి పోయేటప్పుడు మంట పుట్టేది, సన్నగా జ్వరం వచ్చేది. ఆ మాట ఏ నోటితో చెప్పను, ఎవరికి చెప్పను?

మూడోసారి ఐదో నెలలో, శివరాత్రికి ముందు, మామ గొంగళ్లు అమ్మడానికి వికారాబాద్ అంగడికి పోతూ మూటలు మోయడానికి నన్ను తీసుకుపోయాడు. అంగడి దారిలోనే చలి జ్వరం వచ్చి కూలబడిపోయాను. పక్కనే ఉన్న దవాఖానా అరుగు మీద మామ నన్ను కూర్చోబెట్టాడు. అక్కడి నర్సమ్మ మన దిక్కు పల్లె మనిషే, కూలి చేసుకునే కిరస్తానం ఇంటి బిడ్డ. నన్ను లోపలికి తీసుకుపోయి, తలుపు వేసి, నెమ్మదిగా ఒక్కొక్కటీ అడిగితే మంట సంగతి కూడా బయటపడింది. ఆ మంటా జ్వరమూ ముదిరితే కూడా నెలలు నిండకముందే నొప్పులు వస్తాయని అప్పుడే మొదటిసారి విన్నాను. మందు ఇచ్చింది, రక్తం పట్టే గోలీలు ఇచ్చింది. తర్వాత బయటికి వచ్చి మామ ముందు నిలబడింది.

"మామా, సూడి గొర్లను గుట్టకు తోల్కపోతవా?"

"పిచ్చా ఏంది తల్లీ, గంత దూరం నడిపిస్తే నెలలు నిండకముందే ఈసుకపోతయి. ఇంటికాన్నే ఉంచి ఇంత మేత ఎక్కువేస్త."

"మరి కోడల్ని?"

మామ భుజం మీది గొంగడి తీసి మళ్లీ వేసుకున్నాడు. "గొర్రె సుస్తయితే పండుకుంటది, నాకు తెలుస్తది. గీమె నోరుండి చెప్పకపాయె."

"చెప్తే ఇంటుంటివా?" అన్నది నర్సమ్మ.

తిరుగు దారిలో అమ్ముడుపోని రెండు మూటలూ మామే మోశాడు. తాండూరు దాకా రైలులో నేను కిటికీ వదలలేదు. ఇంటికి చేరగానే ఈసారి కోడలు గుట్టకు రాదు, సూడి గొర్రెలతో పాటు ఇంటి దగ్గరే ఉంటుందని చెప్పాడు.

మా అత్త నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఏందయ్యా, కోడల్ని గూడ దొడ్లె కట్టేస్తవా?"

"కట్టేస్త. మేత నువ్వే పెట్టాలె."

మంద వెళ్లిపోయింది. మా అత్త సణుగుతూనే నా కోసం ఇంటి దగ్గర ఆగిపోయి, సణుగుతూనే కందిపప్పు, ఆకుకూర, గొర్రెపాలు కడుపునిండా పెట్టింది. నీళ్లు కూడా ఆమే మోసింది. ఏడో నెలలో కడుపు కొంచెం బిగుసుకున్నా గుంజ పట్టుకుని నిలబడి దేవుళ్లందరికీ మొక్కేదాన్ని. ఎనిమిదో నెల గడిచింది. తొమ్మిదో నెల వచ్చినప్పుడు నాకంటే ముందు మా అత్తకే ఆయాసం పట్టుకుంది. తొలకరి చినుకుల్లో నన్ను వికారాబాద్ దవాఖానాకు తీసుకుపోయి, పొద్దంతా ఆ అరుగు మీదే కూర్చుంది. మధ్యాహ్నం పుట్టిన బిడ్డ వీధి చివరిదాకా వినబడేటట్టు ఏడ్చింది. ఆడపిల్ల అని నర్సమ్మ చెబితే, "ఆడివిల్లయితే ఏంది, గొంతు జూడు" అన్నది మా అత్త. నా గుండె మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. ఆ తర్వాత మూడు కాన్పులు, అన్నీ నెలలు నిండే.

ఆ మొదటి బిడ్డతో ఇంటికి వచ్చాక ఒకరోజు మా అత్త పసిదానికి నూనె రుద్దుతూ, తల ఎత్తకుండా, "నాయి గూడ మూడు గా తొవ్వలనే పోయినయి" అన్నది. అన్నేళ్లు తన కొడుకుకు కూడా ఆమె చెప్పని మాట. బావి దగ్గర నన్ను అన్ని మాటలన్న మనిషి ఆ తొవ్వ మీద ప్రతి ఎండాకాలం ఏం తలచుకుంటూ నడిచిందో నాకు అప్పుడు తట్టలేదు, బిడ్డ దక్కిన సంతోషంలో ఉన్నాను.

ఇప్పుడు మందలూ లేవు, ఆ నడకా లేదు. కడుపుతో ఉన్న పిల్లలు మంటగా ఉందని మగని ముందే డాక్టరుకు చెప్పేసి మందుల చీటీ రాయించుకుంటున్నారు. వింటే నాకు సిగ్గు కాదు, నెమ్మదిగా ఉంటుంది. మా అత్తను ఆ మూడింటి గురించి ఇంకో మాట అడగలేదు. ఎక్కడ పూడ్చిపెట్టి వచ్చావు అత్తా, అని ఒక్కసారి అడగవలసింది.