మస్తాన్ వాచ్‌లో నా మెలకువ

నేవీ నుంచి రిటైరు కావడానికి నాలుగేళ్ల ముందు, ఒక జనవరిలో, నన్ను శిక్షణకు వాడే చిన్న తెరచాప పడవ మీదికి పోస్టు చేశారు. గోవా నుంచి మారిషస్‌కు పోవాలి. అప్పటికి నేను పెట్టీ ఆఫీసర్‌ని. సైన్యంలో హవల్దారు పాటి హోదా. పడవలో నలుగురమే. పడవను నడిపించే పెద్ద, స్కిప్పర్, లెఫ్టినెంట్ కమాండర్, కేరళ మనిషి. ఇంజను చూసుకునే గోవా మెకానిక్ ఒకడు. నేను. నాకంటే ఒక మెట్టు కింద, లీడింగ్ సీమన్ మస్తాన్. నాది విడపనకల్లు, మస్తాన్‌ది గుత్తి. ఒకే జిల్లా వాళ్లు కదా, అన్నదమ్ముల్లా ఉంటారని ఆఫీసులో అనుకున్నారట.

ప్రయాణం ముగిశాక మాలో ఒకరి పేరు, ప్రపంచం చుట్టి వచ్చే పడవకు స్కిప్పర్ సిఫారసు చేస్తాడు. ఆ పిలుపు కోసం నేను ఏళ్లుగా కాచుకుని ఉన్నాను. సీనియర్‌ని. సూర్యుణ్ణి, నక్షత్రాలను కొలిచి పడవ ఎక్కడుందో లెక్కకట్టగలను. మస్తాన్‌కు ఆ లెక్క సగమే వచ్చు. అయినా వాణ్ణి చూసిన మొదటి రోజే నాకు కడుపులో మంట మొదలైంది, ఎందుకంటే నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది, వాడి నోరు మరీ మంచిది.

పడవలో బతుకు వాచ్‌ల లెక్కన నడుస్తుంది. వాచ్ అంటే నాలుగు గంటల కాపలా. ఒకడు నడుముకు కట్టుకున్న తాడును పడవకు తగిలించుకుని పైన కూర్చుంటాడు, గాలినీ మబ్బునూ చూస్తుంటాడు. మిగిలినవాళ్లు కింద వండాలి, తుడవాలి, తాళ్లు సరిచేయాలి, పడుకోవాలి. పడవ ఎప్పుడూ ఒక పక్కకు వాలే ఉంటుంది కాబట్టి దొర్లిపోకుండా మంచానికి గుడ్డ అడ్డం కట్టుకుంటాం. పొయ్యి ఊయల్లా వేలాడుతుంది. స్నానం, గిన్నెలు కడగడం ఉప్పునీళ్లతోనే. మంచినీళ్లు తాగడానికీ వంటకూ మాత్రమే. కరువు జిల్లాలో పుట్టిన మా ఇద్దరికీ ఆ నీళ్ల ఎద్దడి కొత్త కాదు, ఇద్దరం చుక్క చుక్కా పొదుపుగా వాడేవాళ్లం. స్కిప్పర్ అది చూసి మెచ్చుకున్నది మాత్రం మస్తాన్‌నే.

మస్తాన్ వంట వంతు వచ్చిన రోజు రాగి సంకటి కెలికి, చెనిక్కాయల ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి, నూరి పెట్టేవాడు. స్కిప్పర్ వేళ్లు నాక్కునేవాడు. నా వంతు రోజు నేను చేసిందీ అదే సంకటి. ఎవరూ ఏమీ అనలేదు, తిని లేచారు. ఒకసారి మస్తాన్ నా దగ్గరికొచ్చి, “ఏమన్నా, మొగం అట్ల పెట్టుకోనుండావు, ఒంట్లో బాగలేదా?” అన్నాడు. “నాకేమప్పా, రాయిలాగుండా” అన్నాను. లోపల మాత్రం కుతకుత ఉడుకుతున్నాను.

వాడు పైన కాపలా ఉన్నప్పుడు నాకు కింద నిద్ర పట్టేది కాదు. పట్టనిచ్చేవాణ్ణి కాదు అనడం నిజం. మెట్ల సందులోంచి వాడి కాళ్లూ చేతులూ కనబడేవి. ఏ తాడు ముట్టుకుంటాడు, ఏది మరిచిపోతాడు, అదే చూస్తూ పడుకునేవాణ్ణి. ఒక్క తప్పు, ఒక్కటంటే ఒక్కటి వాడితో చేయించు దేవుడా అని కోరుకునేవాణ్ణి.

దేవుడు విన్నాడు. భూమధ్యరేఖ దగ్గర గాలి పడిపోతుంది. ఉన్నట్టుండి ఒక నల్లమబ్బు పెనుగాలిని వెంటబెట్టుకుని వస్తుంది. అలాంటి మబ్బు కనబడగానే ముందు స్కిప్పర్‌ను లేపాలి, తెరచాపను సగం దించి మడిచి కట్టాలి. దాన్ని రీఫింగ్ అంటారు. వాన నీళ్లు పట్టుకోవడం ఆ తర్వాతి పని. ఆ మధ్యాహ్నం మస్తాన్ మబ్బును చూశాడు, కానీ తాడు దగ్గరికి పోలేదు. టార్పాలిన్ ఈడుస్తున్న చప్పుడు వినబడింది. “వాన వస్తాండాది, ఓబులన్నా! బకెట్లు తీసుకో!” అని నన్ను కేకేశాడు.

మా వైపు వాన వస్తుందంటే ఆరేసిన బట్టలు తీయడం కంటే ముందు చూరు కింద గిన్నెలు పెడతాం. అబద్ధమెందుకు, నా చెయ్యీ ముందు బకెట్టు మీదికే పోయింది. అంతలో, పైన చాప నిండుగా ఉందని గుర్తొచ్చింది. నేను మెట్లెక్కేసరికి గాలి కొట్టింది, పడవ పక్కకు పడింది, టార్పాలిన్‌తో పాటు మస్తాన్ జారిపోయి నడుం తాడుకు వేలాడాడు. చాపను బిగించి ఉంచే తాడును నేను ఒక్క గుంజు గుంజి వదిలాను. గాలి జారిపోయి పడవ లేచింది. అప్పటికి స్కిప్పర్ పైకొచ్చాడు. ఇద్దరం మస్తాన్‌ను పైకి లాగాం, ముగ్గురం కలిసి చాప మడిచాం. బకెట్లు, టార్పాలిన్ సముద్రం పాలు. తెరచాప స్తంభం విరగలేదు, మనిషి పోలేదు.

స్కిప్పర్ అడగకముందే మస్తాన్ చెప్పేశాడు, తప్పు తనదేనని, వానను చూసి మతి పోయిందని. నేను తడి బట్టలు పిండుకుంటూ లోలోపల పండగ చేసుకున్నాను. వాడి పని అయిపోయింది, పేరు నాదే.

మారిషస్ రేవులో స్కిప్పర్ నన్ను ఒక్కణ్ణే పిలిచాడు. నువ్వు లేకపోతే మస్తాన్ దక్కేవాడు కాదు అన్నాడు. తర్వాత, ఆ గంట నీకు నిద్రపోయే గంట కదా, అంత తొందరగా ఎలా వచ్చావని అడిగాడు. మెలకువగానే ఉన్నానన్నాను. మస్తాన్ వాచ్‌లో ప్రతిసారీ మెలకువే కదా అన్నాడు. గమనించాడన్నమాట. మస్తాన్ పేరు పంపుతున్నానని చెప్పాడు. తప్పు చేసి ఒప్పుకున్నవాడు ఆ తప్పు మళ్లీ చేయడు, కానీ తోటివాడి మీద కన్నేసి నిద్ర మానుకునేవాడు నెలల తరబడి సాగే ప్రయాణంలో తన వాచ్‌లో కూలిపోతాడు, అప్పుడు అందరూ పోతారు అన్నాడు.

మస్తాన్ నా చేతులు పట్టుకుని, “నీకు రావాల్సింది నాకొచ్చిందన్నా. నువ్వు లేకుంటే ఆడనే పోయుంటి” అన్నాడు. వాడు ఏడుస్తుంటే నాకు ఇంకా మండింది. “పోయిరా పో” అన్నాను. వాడు ప్రపంచం చుట్టి వచ్చాడు. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

తర్వాత కొచ్చిలో కొత్తవాళ్లకు నేనే శిక్షణ ఇచ్చాను. ముడులు ఎవరైనా నేర్చుకుంటారు. నేను చూసింది ఒక్కటే: వాచ్ దిగినవాడు పైన ఉన్నవాడికి పడవ అప్పగించి నిద్రపోతున్నాడా లేదా అని. అలా నిద్రపోనివాణ్ణి ఎంత పనిమంతుడైనా దూరప్రయాణానికి పంపలేదు. అలా పంపకుండా ఆపినవాళ్లలో ఒకడు, తనకంటే నేర్పరి పడవలో ఎవడని నన్నే నిలదీశాడు. ఎవడూ లేడని నిజమే చెప్పి, వాణ్ణి ఒడ్డునే ఉంచాను.