అటగారు

మా వదినకి ఆసుపత్రిలో పడిన పేరు 'అటగారు'. కొత్తగా చేరిన నర్సులు దాన్ని 'అత్తగారు' అని విని, ఎవరికి అత్తగారని ఆరా తీసేవారు. సంగతేమిటంటే, వదిన ఉద్యోగం విచారణ కిటికీ దగ్గర. పై వార్డుల నుంచి ఫోనులో చెప్పింది విని, కింద నిలబడ్డ వాళ్లకి చేరవేయడం. "నిద్రపోతున్నారట." "జ్వరం తగ్గిందట." "డాక్టరుగారు ఇంకా చూడలేదట." తన కళ్లతో చూడనిదేదీ ఆ 'ట' లేకుండా ఆవిడ నోట వచ్చేది కాదు.

ఆ గది మెట్ల కింద ఉండేది. కుర్చీ ముందుకు జరిపితే తప్ప తలుపు తెరుచుకోదు, జరిపితే మోకాళ్లు బల్లకి కొట్టుకుంటాయి. ఎదురుగా అద్దం, అద్దంలో అరచెయ్యి పట్టేంత కంత. ఆ కంత దగ్గరికి వంగి అడిగే ముఖాలని చూస్తూనే ఆవిడ ఉద్యోగమంతా గడిచింది. పైఅంతస్తులకి వెళ్లే పనే పడేది కాదు.

నాకు చదువు పిచ్చి, ఆవిడకి రాత పిచ్చి. సెలవు రోజు మధ్యాహ్నం కుట్టుమిషను మీద మూత పెట్టి, దాని మీదే కాగితాలు పరుచుకునేది. రాసినదల్లా నా చేతిలో పెట్టి, "అమ్మాయ్, మొహమాటపడకు" అనేది. ఇప్పుడు నాకు అరవై దాటినా ఆవిడకి అమ్మాయినే. ఒక్క కథైనా అచ్చులో చూసుకోవాలని ఆవిడ ఆశ. పత్రికలన్నీ తిప్పి పంపేశాయి.

ఆ ఏడు లైబ్రరీలో శనివారాలు కథల క్లాసు పెట్టారు. ఇద్దరం చేరాం. మాస్టారు మంచివాడు, ఓపిక ఉన్నవాడు. క్లాసులో వాళ్లందరి కథలూ కలిపి పుస్తకం వేస్తానన్నాడు. వదిన తన కిటికీ కథ ఇచ్చింది. ఒక ముసలాయన రోజూ కిటికీ దగ్గరికి వచ్చి భార్య ఎలా ఉందని అడుగుతాడు. అంటురోగాల వార్డు కాబట్టి పైకి పంపరు. కిటికీలో మనిషి ఫోనులో విన్నది చెబుతుంది. అంతే కథ. చివరి వాక్యం మాత్రం నాకిప్పటికీ నోటికి వచ్చు: 'ఆఖరున ఆవిడ తలుపు వైపు తిరిగి ఆయన్నే పిలిచిందట.'

పిలిచిందో లేదో తెలియదు. జాలిపడి నర్సు అల్లిన మాటేమో. ముసలాయన ఇంటికి పట్టుకెళ్లింది ఆ 'ట'నే. అక్కడికి వచ్చాక కాగితాలు వెనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి చదివాను.

మాస్టారు కాగితాలు తిరగేసి, "కథ బాగుందమ్మా. కానీ ఈ అటలేమిటండీ, అటూ ఇటూ కాకుండా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. వదినా నవ్వింది.

"నేను పైకి వెళ్లలేదు కదండీ."

"మీరెళ్లక్కర్లేదు, మీ కలం వెళ్తుంది. చెప్పకండి, చూపించండి. మంచం చూపించండి, దుప్పటి చూపించండి. పాఠకుణ్ణి తీసుకెళ్లి ఆ గదిలో పెట్టండి. కిటికీ బయట నిలబెడితే ఎవడు నిలబడతాడు?"

"ఆ ముసలాయన నిలబడ్డాడండీ."

"ఆయనకి వేరే దారి లేదు తల్లీ. పాఠకుడికి పేజీ తిప్పేసే దారుంది."

వదిన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

వదిన మళ్లీ రాసింది. 'ట'లన్నీ తీసేసి, మంచమూ దుప్పటీ, గోడ మీద పడిన వెలుతురూ పెట్టింది. చదివి ఉన్నమాట చెప్పాను.

"పరిగెడుతోంది వదినా."

"పాతదో?"

"పాతది కూర్చోబెట్టేస్తుంది."

"అయితే ఏదివ్వమంటావు?"

నేను తేల్చుకోలేకపోయాను. వంటింట్లోంచి అన్నయ్యే అరిచాడు. "అచ్చయ్యేది ఇవ్వవోయ్! లేకపోతే అచ్చయిందట, అచ్చయిందట అని చెప్పుకు తిరగాలి."

కొత్తదే ఇచ్చింది.

ఆ వారంలోనే కిటికీ దగ్గర ఒకటి జరిగింది. నేను చూడలేదు, వదిన చెప్పింది. ఒకమ్మాయి వచ్చి వాళ్ల నాన్న ఎలా ఉన్నాడని అడిగిందట. "నిద్రపోతున్నారు" అందట వదిన. 'ట' లేదు. ఆ పిల్ల కంతలోంచి వేళ్లు లోపలికి పెట్టి, "మీరు చూశారా? కాళ్ల మీద దుప్పటి ఉందా? పాదాలు చల్లబడితే ఆయనకి నిద్ర పట్టదండీ" అందట. వదినకి తను రాసిన దుప్పటే కళ్ల ముందు కనబడిందట. "ఉంది" అనేసిందట. ఆ పిల్ల దండం పెట్టి వెళ్లిపోయిందట. లేచి పైకెళ్లి చూసొద్దామంటే అద్దం అవతల జనం, చెవి దగ్గర ఫోను మోత.

ఆ పిల్ల తండ్రి కులాసాగా నడిచే ఇంటికెళ్లాడు. అయినా వదిన తేరుకోలేదు. శనివారం మాస్టారి దగ్గరికెళ్లి, "నా అటలు నాకిచ్చేయండి" అంది.

ఆయన తల పట్టుకున్నాడు. "పుస్తకం ప్రెస్సుకి వెళ్తోందమ్మా. అందరి కథలూ ఇలాగే దిద్దించాను. ఆ అటలన్నీ తిరిగి పెడతానంటే మీ కథ తీసి పక్కన పెట్టాలి."

వదిన చాలాసేపు కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. పక్కన పెట్టేయండి అంటుందేమో అని నేను ఎదురుచూశాను. అనలేకపోయింది.

"పోనీ ఒక్కటి. చివరిదొక్కటి ఉంచండి."

"అచ్చుతప్పనుకుంటారమ్మా."

"అనుకోనివ్వండి."

పుస్తకం వచ్చింది, చివరి 'ట' అచ్చులో అలాగే ఉంది. లైబ్రరీ హాల్లో సభ పెట్టారు. మేం గోడవారగా ఇరుక్కుని కూర్చున్నాం. మాస్టారు ఏరికోరి వదిన కథే పైకి చదివాడు. చక్కగా చదివాడు. చివరి వాక్యానికి వచ్చేసరికి గొంతు తగ్గించి, "ఆఖరున ఆవిడ తలుపు వైపు తిరిగి, ఆయన్నే పిలిచింది" అని పుస్తకం మూశాడు. చదవడమే అలా చదివాడు. కావాలని కాదు, అలవాటు.

చప్పట్లు మోగిపోయాయి.

"ట" అంది వదిన, నాకు మాత్రం వినబడేలా.

ముందు వరస ఆవిడ వెనక్కి తిరిగి వదిన రెండు చేతులూ పట్టేసుకుంది. "ఎంత బాగా చూపించారండీ! ఆ గదిలో మీరున్నారు కదూ?"

వదిన లేవబోయింది. అటు గోడ, ఇటు నేను, నా అవతల వరసంతా జనం. చేతులా ఆవిడ వదలడం లేదు. మళ్లీ కూర్చుంది.

"ఉన్నానటండీ" అంది.