వదిలేసిన మాట

హుకుంపేటలో డాక్టర్ జయశ్రీ క్లినిక్ తుడిచేది అప్పలనర్సమ్మే, కొండ మీది వాళ్ల కువి భాషలోని మాటల్ని డాక్టరమ్మకు తెలుగులో చెప్పేదీ ఆమే. చెప్పే ముందు చెంగుతో మూతి తుడుచుకుంటుంది. తన మాట వల్ల ఎవరికేమవుతుందోనని ఎప్పుడూ బెదురే. ఆ సంతరోజు జనం కిటకిటలాడుతున్నారు. పొద్దున్నే వచ్చిన సోంబరు చాలాసేపు ఏదో చెప్పాడు. "కడుపునొప్పంటమ్మా" అని అప్పలనర్సమ్మ తేల్చేసింది. డాక్టరమ్మ మాత్రలిచ్చి పంపింది. మరో ఇద్దరు వెళ్లాక, అతను చెప్పినదాంట్లో తను వదిలేసిన మాటొకటి అప్పలనర్సమ్మకు గుర్తొచ్చింది. చీపురు పడేసి, కొండకెళ్లే జీపుల దగ్గరికి పరుగెత్తింది. సోంబరు కూర్చునే తూగుతున్నాడు, రెప్పలు లేవడం లేదు. భుజం పట్టి నడిపించుకొచ్చింది. "నేల మీద పడుకుంటే సీమ కుట్టినట్టయిందన్నాడమ్మా, నాను సెప్పనేదు!" డాక్టరమ్మ అతని రెప్పలెత్తి చూసింది. "చీమ కాదు, కట్లపాము." విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టి, అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపింది. అప్పలనర్సమ్మ కూడా ఎక్కి, ఘాట్ రోడ్డు పొడవునా అతని ముక్కు దగ్గర వేలుంచి ఊపిరి చూస్తూనే ఉంది.

మూడో రోజు సోంబరు కళ్లు తెరిచి గొణిగాడు. "ఏమంటున్నాడు?" అంది నర్సు.

"ఇంటికెల్లిపోతాడంట" అని చెప్పి, అప్పలనర్సమ్మ గోడకు చేరబడి భోరుమంది.