ఆమెన్ తర్వాత లేవని తల

మేడ్చల్‌లోని ఒక ఆసుపత్రిలో ఐసీయూ బాధ్యత నాకు అప్పగించిన కొత్తలో, వానకాలం పంటలకు మందు కొట్టే రోజుల్లో జరిగింది ఇది. రావల్కోల్ రైతు దేవదానం ఎదురుగాలిలో వంకాయ తోటకు మందు కొట్టి పడిపోయాడు. నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, సూదిమొనంత కంటిపాపలు. పురుగుమందుల్లో ఉండే ఆర్గానోఫాస్ఫేట్ విషమని చూడగానే తెలిసింది. ఒళ్లు కడిగించి, ఊపిరితిత్తుల్లో చెమ్మ ఆరేదాకా విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించాం. మర్నాటి సాయంత్రానికి లేచి కూర్చుని టీ అడిగాడు.

"సారూ, మనిషి మంచిగైండు. ఇగ ఇంటికి తోల్కపోతం" అంది భార్య మరియమ్మ.

వద్దన్నాను. ఈ విషం మొదటి దెబ్బ తగ్గాక, నాలుగు రోజుల్లోపు మళ్లీ కండరాల మీద పడవచ్చు. ముందు మెడ వాలిపోతుంది, వెనకే శ్వాస ఆగుతుంది. దానికి అట్రోపిన్ పనిచేయదు. ఎంత చెప్పినా వింటేనా? ఆమె తమ్ముడు ఆటో కూడా మాట్లాడి పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ వాళ్లు పోతామంటే ఆపే అధికారం నాకు లేదు.

ఆసుపత్రి నుంచి కదిలేముందు ప్రార్థన చేయించడం వాళ్ల ఆనవాయితీ. శామీర్‌పేట నుంచి పాస్టరు వచ్చాడు. మంచం మీద కూర్చున్న దేవదానంతో సహా అందరూ తలలు వంచారు. ప్రార్థన ఎంతకీ తెగదు. నేను గుమ్మంలో నిలబడి పళ్లు నూరుకుంటున్నాను. చివరికి ఆమెన్ అన్నారు. అందరి తలలూ లేచాయి, దేవదానం తల తప్ప.

"ఎంత భక్తి ఉందో సూడుండ్రి" అని పాస్టరు మురిసిపోయాడు.

భక్తా, పాడా! ఒక్క అంగలో వెళ్లి అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, దిండు మీది నుంచి తల లేపమన్నాను.

"లేస్తలేదు సారూ" అన్నాడు. గొంతు అప్పటికే పీలగా ఉంది. శ్వాస పైపైనే ఆడుతోంది. వెంటనే గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్‌కు కలిపాం. బయట ఆటో అతను హారన్ కొడుతూనే ఉన్నాడు.

"తొవ్వల గిట్లయితే ఏం గాను సారూ" అంది మరియమ్మ ఆటో వైపు చూస్తూ. ఆ ప్రశ్నకు జవాబు ఆమెకూ తెలుసు.

వారం దాటాక దేవదానం కండరాలకు బలం వచ్చింది. తల లేపమంటే లేపి, చాలు అనేదాకా దించలేదు. ఆ క్షణం నాకు వార్డంతా గంతులేయాలనిపించింది. ఆ పాస్టరు ఇప్పటికీ ఆమెన్ అన్నాక అందరి తలలూ ఒకసారి చూస్తాడట.

నేను రిటైరయ్యేదాకా పురుగుమందు రోగిని దిండు మీది నుంచి తల లేపించి చూడకుండా ఇంటికి పంపలేదు. టీ అడిగాడంటే విషం దిగినట్టు కాదు.