రెండు లెడ్లు, ఒక లీడు

ఒక్క ఇంగ్లీషు మాట తప్పుగా పలికి, పెళ్ళాంబిడ్డలతో సహా పట్టపగలు సొంత ఇంట్లోంచి వీధిలో పడ్డ మనిషిని మీరు చూసి ఉండరు. చూడాలని ఉంటే పరదేశంలో మేముండే ఊరు ఇర్వింగ్ రండి. లైబ్రరీలో, ఇంటి మరమ్మతుల పుస్తకాల దగ్గర నిలబడి ఉంటాను.

నేను చదువరిని. నాకు తెలిసిందంతా పుస్తకాల్లోంచి సొంతంగా లాక్కున్నదే. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. పుస్తకం మాటను చూపిస్తుంది గానీ, పలికి వినిపించదు. ఈ సంగతి నాకు ముప్పై నాలుగేళ్ళకు తెలిసింది.

మేం కొన్న ఇల్లు 1961లో కట్టినది. కిటికీల రంగు మొసలి వీపులా పెచ్చులు లేచి ఉండేది. లైబ్రరీవాళ్ళు పాత పుస్తకాలు అమ్మేస్తుంటే, నాలుగొందల పేజీల మరమ్మతుల పుస్తకం ఒకటి తెచ్చుకున్నాను. అది మా ఇంటికంటే పాతది. కిటికీలకు ఫలానా పెయింటే శ్రేష్ఠం అని అందులో రాసి ఉంది. ఎల్, ఇ, ఏ, డి. లీడ్! అంటే అన్నిటికంటే ముందుండేది. ఆ కాలపు ఇల్లే కాబట్టి మాకూ అదే వేసి ఉంటారు, నాకింకేం కావాలి?

"సునీతా, మన కిటికీలకి వేసింది లీడ్ పెయింట్ తెలుసా?" అన్నాను మా ఆవిడతో.

"అంటే?"

"ఫస్ట్ క్లాస్!"

కిటికీలు బాగుచెయ్యడానికి పక్క ఊరు కాపెల్ నుంచి శేషు అంకుల్ వచ్చారు. ఇంజనీరుగా రిటైరై, ఊరుకోలేక పాత ఇళ్ళు బాగుచేసే కాంట్రాక్టరైన మనిషి. దానికోసం క్లాసుకెళ్ళి, పరీక్ష రాసి, ప్రభుత్వ సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. మొదటిరోజే నా చేతిలో ఒక పల్చటి పుస్తకం పెట్టారు.

"చదివి సంతకం పెట్టవయ్యా. పాత ఇంట్లో రంగు గీకేముందు ఇది ఇచ్చి తీరాలి. రూలు."

అట్ట మీద అదే మాట కనిపించింది. మా కిటికీల గొప్పతనం ప్రభుత్వానికి కూడా తెలిసిపోయిందని పొంగిపోయాను. నాలుగొందల పేజీలు మింగినవాణ్ణి, ఇంత పల్చటిది చదవడం నామోషీ కదండీ! సంతకం గీకి, ఫ్రిజ్ మీద పడేశాను.

శనివారం పొద్దున అంకుల్ పనికి రావాలి. ఈలోపు ఒక కిటికీ నేనే పూర్తిచేసి ఆయన నోరు తెరుచుకునేలా చెయ్యాలనుకున్నాను. మా పధ్నాలుగు నెలల మిన్ని గదిలో గరుకు కాగితం మెషీన్ పెట్టి రుద్దుతున్నాను. గది పిండిమరలా అయింది. మిన్ని గుమ్మం దగ్గర కూర్చుని, నేల మీద తెల్లటి పొడిలో వేలితో గీతలు గీస్తోంది. ఫోన్ మోగింది.

"బయల్దేరానయ్యా. లెడ్ సంగతి చూశావా?" అన్నారు అంకుల్.

నేను పుట్టిపెరిగిన ఊళ్ళో లెడ్ అంటే ఎల్ఈడీ బల్బు. మరొకటి లేదు.

"చూడ్డమేంటి అంకుల్, ఇల్లంతా లెడ్డే."

"ఇల్లంతానా? ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేంటి, పోయిన వారం నేనే పెట్టాను."

"నువ్వే... పెట్టావా?"

"గదికి రెండు. మిన్ని రూములో నాలుగు. పిల్లకి బాగుంటుందని."

"పిల్లకి బాగుంటుందనా!"

"మెరుస్తుంటే పట్టుకుందామని చూస్తుంది అంకుల్."

"నోట్లోగానీ పెట్టుకుందా?"

"బల్బుని నోట్లో ఎలా పెట్టుకుంటుంది?"

"బల్బేంటయ్యా! నేనడిగేది రంగులో లెడ్! సీసం! విషం!"

"రంగులో ఉన్నది లీడ్ కదా అంకుల్?"

"స్పెల్లింగ్ చెప్పు."

చెప్పాను.

"దాన్నే లెడ్ అంటారు నాయనా. అది సరే, ఆ చప్పుడేంటి?"

ఎడమ చేతిలో మెషీన్ ఇంకా తిరుగుతోంది. గుమ్మం వైపు చూశాను. మిన్ని గీతలు గీయడం మానేసి, ఆ వేలు నోట్లో పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ఆపు! ఏసీ ఆపు! పిల్లనెత్తుకుని బయటికి నడు. చీపురు పట్టావంటే చంపేస్తాను!"

అంకుల్ వచ్చేసరికి ముగ్గురం బయట గడ్డిలో నిలబడి ఉన్నాం. సునీత మిన్ని చేతులు ఏడోసారి కడుగుతోంది. ఆయన మాస్కు, తెల్ల సూటు వేసుకుని లోపలికెళ్ళి, సీసం పరీక్షకు మందు పూసిన పుల్లతో కిటికీని రుద్ది తెచ్చారు.

"ఎర్రబడితే సీసమే," అన్నారు.

కుంకుమలో ముంచినట్టు ఎర్రబడింది.

సునీత అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. "ఫస్ట్ క్లాస్ అన్నావు," అంది, అంతే.

డాక్టరు మిన్ని రక్తం తీయించి, రిపోర్టు సోమవారం వస్తుందన్నారు. ఆ రెండు రోజులూ స్నేహితుల అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. అక్కడ పల్చటి పుస్తకం చదివాను. పదకొండుసార్లు. పసిపిల్లల మెదడుకు ఆ దుమ్ము ఏం చేస్తుందో రాసిన పేజీ దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. అక్కడ మా ఇంట్లో అంకుల్ గుమ్మాలకు ప్లాస్టిక్ అంటించి, ప్రత్యేకమైన వాక్యూమ్‌తో దుమ్ము లాగి, తడిగుడ్డతో అంగుళం అంగుళం తుడుస్తున్నారు.

సోమవారం ఫోన్ వచ్చింది. సునీత స్పీకర్‌లో పెట్టింది. కంగారు పడాల్సిన పని లేదట, మూడు నెలలయ్యాక ఇంకోసారి చూస్తారట. సునీత మిన్నిని గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"లీడ్ గారూ, వచ్చి డైపర్ మార్చండి."

ఇల్లు శుభ్రమయ్యాక అంకుల్‌కి కాఫీ ఇచ్చాం. పోయిన పరువు కాస్తయినా రాబట్టుకుందామని, ఈమధ్య లైబ్రరీలో చదివిన ముక్క ఒకటి వదిలాను.

"అంకుల్, వెనకటికి నీళ్ళ గొట్టాలు సీసంతో చేసేవారట. ప్లంబర్ అన్న మాట సీసం లాటిన్ పేరు నుంచే వచ్చిందట!"

"నిజమే. కానీ అందులో బి పలకదు," అన్నారు ఆయన కాఫీ ఊదుకుంటూ.

అందుచేత పాఠకులారా, కొత్త రంగు వేసిన మిన్ని గది కిటికీ సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. పల్చటి పుస్తకాన్ని ఇక చిన్నచూపు చూడను. ఏ ఇంగ్లీషు మాటనైనా ముందు సునీతకు వినిపించి, ఆమె సరేనన్నాకే నలుగురిలోకి వదులుతాను. బల్బుల్ని మాత్రం బతికున్నంతకాలం దీపాలనే అంటాను.